ఏటి ఒడ్డున విల్లో



గుంటూరులో క్రీడా సామగ్రి దుకాణానికి బ్యాటు కోసం వెళ్ళిన కుర్రాణ్ణి దుకాణదారు ముందుగా అడిగే ప్రశ్న "కశ్మీర్ విల్లోనా, ఇంగ్లీష్ విల్లోనా?" అని. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో విల్లో అంటే రాత్రి మేలుకుని ఇండియా మ్యాచ్ చూసే టీవీ ఛానల్. కంప్యూటర్ రంగంలో ఉన్నవారికి అది 2024 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన 105 క్యూబిట్ల క్వాంటం చిప్. చమురు వార్తలు చదివేవారికి 2023లో అమెరికా ప్రభుత్వం అలాస్కాలో అనుమతించిన పెద్ద ప్రాజెక్టు. నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్ళయితే పత్తిని దులిపి శుభ్రం చేసే యంత్రాన్నీ, దాని కింద పడే పీచు దుమ్మునీ ఆ పేరుతోనే ఎరుగుదురు. విల్లో డస్ట్ అంటారు ఆ దుమ్మును. ఇంతమంది నోళ్ళలో నలిగే ఈ పేరు మొదట ఒక చెట్టుది. మనలో చాలామంది దాన్ని కళ్ళతో చూడలేదు. ఈ పూట ఆ చెట్టు గురించి మాట్లాడుకుందాం.

వృక్షశాస్త్రంలో దీని ప్రజాతి పేరు సాలిక్స్. దాదాపు 400 జాతులున్నాయి. ఎక్కువభాగం చల్లటి దేశాలవి. ఉత్తర ధ్రువం దగ్గర మంచుగాలికి తట్టుకుని నేలకు కరుచుకుని పెరిగే విల్లోలున్నాయి, అవి జానెడు ఎత్తు కూడా లేవవు. ఇంగ్లండులో నదుల వెంట ఇరవై, పాతిక మీటర్ల ఎత్తుకు లేచే తెల్ల విల్లో ఉంది. సన్నటి, పొడవాటి ఆకులు. చాలా జాతుల్లో ఆకు వెనుకవైపు తెల్లగా వెండిలా ఉంటుంది, గాలి వీచినప్పుడు చెట్టంతా రంగు మారినట్టుంటుంది. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మన దేశపు వేడికి ఓర్చుకునే జాతి కూడా ఒకటుంది. సాలిక్స్ టెట్రాస్పెర్మా దాని శాస్త్రీయ నామం. నిఘంటువుల్లో దానికి ఏటిపాల అని తెలుగు పేరు కనిపిస్తుంది. వాగుల ఒడ్డున, ఏటి గట్టున పెరుగుతుంది కాబట్టి ఆ పేరు సరిగ్గా అతికింది.

ఏరు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ చెట్టు మనిషికి ఇచ్చినవన్నీ, బుట్ట, బ్యాటు, మందు, ఏవి తీసుకున్నా, నీటి ఒడ్డున పుట్టడంవల్ల దానికి అబ్బిన గుణాలనుంచే వచ్చాయి. నీళ్ళు పుష్కలంగా తాగుతుంది, కాబట్టి తొందరగా ఎదుగుతుంది. తొందరగా ఎదుగుతుంది కాబట్టి చెక్క తేలిక. వరద తాకిడికి కొమ్మ విరగకుండా వంగాలి, కాబట్టి చువ్వలో సాగుడు ఉంది. ఒకవేళ విరిగినా, ఆ విరిగిన కొమ్మ కొట్టుకుపోయి దిగువన తడినేలకు తగులుకుంటే అక్కడే వేరు పోసుకుంటుంది. విత్తనం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఒక కొమ్మ నరికి తడిమట్టిలో గుచ్చితే చాలు, చెట్టవుతుంది. మన మునగకొమ్మ నాటడం లాంటిదే. మనిషికి ఈ చెట్టుతో చుట్టరికం కలిసింది ఈ సులువువల్లనే.

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన ఒక కథ ఉంది. సముద్రుడు నదులను అడుగుతాడు: మీరు వేళ్ళతో సహా పెకలించి పెద్ద పెద్ద వృక్షాలను నా దగ్గరికి మోసుకొస్తారు, మీ ఒడ్డునే ఉండే వేతసాన్ని మాత్రం ఒక్కనాడూ తేలేదేం, అది ఏపాటి మొక్కని దాన్ని వదిలేస్తున్నారు? గంగ జవాబు చెబుతుంది. పెద్ద చెట్లు మా వేగానికి ఎదురు నిలబడతాయి, అందుకే కూలుతాయి. వేతసం మా ఉరవడి రాగానే వంగుతుంది, వెళ్ళాక మళ్ళీ నిలబడుతుంది. కాళిదాసు కూడా రఘువంశంలో, రఘుమహారాజు దండయాత్రకు తలవంచి బతికిపోయిన సుహ్మదేశీయులను ఈ వేతసంతోనే పోల్చాడు. ఈ వేతసం ఏ మొక్క అన్నదానిమీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. కొందరు ప్రబ్బలి, అంటే కుర్చీలల్లే పేము అన్నారు. కొందరు విల్లో జాతి చెట్టు అన్నారు. నీటిగట్టున పుట్టడం, వంగి బతకడం రెండింటికీ ఉన్నాయి. ఇంకో పావుగంటలో ఈ రెండు మొక్కలూ ఒకే వస్తువులో కలిసిపోయి కనిపిస్తాయి, అప్పటిదాకా దీన్ని గుర్తుంచుకోండి.

మొదట అల్లిక సంగతి. 1913లో అప్పటి ఫిన్లండులోని ఆంత్రేయా అనే ఊళ్ళో బురదనేల తవ్వుతుంటే ఒక చేపలవల బయటపడింది. దాన్ని విల్లో బెరడు నారతో అల్లారు. వయసు సుమారు పదివేల ఏళ్ళు. లోకంలో ఇప్పటిదాకా దొరికిన అతి పాత వలల్లో అదొకటి. అంటే మనిషి వ్యవసాయం పూర్తిగా నేర్చుకోకముందే, ఏటి ఒడ్డు చెట్టు నారతో ఏటిలోని చేపను పట్టాడు. అప్పటినుంచి ఆ అల్లిక ఆగలేదు. నెదర్లాండ్స్‌లో సముద్రపు కరకట్టల అడుగున మట్టి కొట్టుకుపోకుండా పరచడానికి విల్లో చువ్వలతో పెద్ద పెద్ద చాపలు కట్టి, వాటిమీద రాళ్ళు వేసి ముంచేవారు. ఆ దేశంలో దాదాపు పావుభాగం సముద్రమట్టానికి దిగువన ఉందని మనకు తెలుసు. ఆ నేలను నిలబెట్టిన పనిలో ఈ చువ్వలకూ వాటా ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలనుంచి సైనికులకు సామాను పారాచూట్‌తో దింపడానికి విల్లో బుట్టలు వాడారు. నేలకు తగిలిన దెబ్బను అవి వంగి మింగేసేవి. వేడిగాలి బెలూన్లకు ఈనాటికీ అల్లిన బుట్టలే కడుతున్నారు, ఆ గుణం కోసమే.

అల్లికను జీవితంలో ఇంకా గట్టిగా నిలుపుకున్న చోటు మన దేశంలోనే ఉంది. కశ్మీర్‌లో చలికాలం వచ్చిందంటే మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఫెరన్ అనే పొడుగాటి వదులు అంగీ తొడుక్కుంటారు. దానిలోపల పొట్టకు దగ్గరగా ఒక చిన్న నిప్పుల కుంపటి పట్టుకుంటారు. దాని పేరు కాంగ్‌డీ. లోపల మట్టిమూకుడు, అందులో బొగ్గు నిప్పులు, చుట్టూ విల్లో చువ్వల అల్లిక. ఒంటికి వేడి తగలాలి, నిప్పు మాత్రం అంటకూడదు. ఆ రెండింటి మధ్య అడ్డు ఈ చువ్వలే. శ్రీనగర్‌కు దగ్గరలోని గాందర్‌బల్ ప్రాంతంలో ఈ పనిమీద బతికే గ్రామాలున్నాయి. ఆకు రాలే కాలంలో చువ్వలు కోసి, కట్టలు కట్టి, పెద్ద బానల్లో ఉడకబెడతారు. ఉడికాక తొక్క ఒలిచేస్తారు, ఎండబెడతారు, అల్లేముందు మళ్ళీ నానబెడతారు. మన మేదరివారు వెదురును చీల్చి దబ్బలు తీసి గంపలు, తట్టలు అల్లడం చూసినవారికి ఆ చేతుల కదలిక కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే వెదురును చీల్చాలి, విల్లో చువ్వను చీల్చే పనిలేదు, ఏడాది వయసు చువ్వ అలాగే అల్లికకు వస్తుంది.

ఇక మందు. ఈజిప్టులో క్రీస్తుకు పూర్వం 1550 ప్రాంతంలో రాసిన వైద్యగ్రంథంలోనే విల్లో ప్రస్తావన ఉంది. కానీ ఆధునిక కథ ఇంగ్లండులో ఒక చర్చి గురువు నోట్లో పడిన చేదుతో మొదలైంది. ఆయన పేరు ఎడ్వర్డ్ స్టోన్, ఊరు చిప్పింగ్ నార్టన్. ఒకరోజు విల్లో బెరడు నమిలి చూశాడు. చలిజ్వరానికి వాడే సింకోనా బెరడులాగే విపరీతమైన చేదు. జ్వరాలు ఎక్కువగా వచ్చేది చిత్తడి నేలల్లో, ఈ చెట్టు పెరిగేదీ చిత్తడి నేలల్లోనే, రోగం ఉన్నచోటే దేవుడు మందు పెడతాడని ఆ కాలపు నమ్మకం. ఆయన బెరడు సేకరించి, రొట్టెలు కాల్చే పొయ్యి బయటి గోడమీద మూడు నెలలకు పైగా ఎండబెట్టి, పొడి కొట్టి, జ్వరం వచ్చినవాళ్ళకు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి ఇచ్చాడు. అలా దాదాపు 50 మందికి ఇచ్చి చూసి, 1763 ఏప్రిల్ 25న రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన వైద్యుడు కాడు. అయినా ఇచ్చిన మోతాదు, ఎన్ని గంటలకోసారి ఇచ్చిందీ, ఎవరికి పనిచేయలేదో కూడా రాశాడు. ఆ నిజాయితీ నాకు చాలా గౌరవం కలిగిస్తుంది.

తర్వాతి శతాబ్దంలో రసాయనశాస్త్రవేత్తలు ఆ చేదును పట్టుకున్నారు. 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ బెరడునుంచి పసుపు రంగు పదార్థం తీసి, సాలిక్స్ పేరుమీదనే సాలిసిన్ అన్నాడు. 1838లో ఇటలీకి చెందిన పిరియా దానినుంచి సాలిసిలిక్ ఆమ్లం చేశాడు. 1876లో స్కాట్లండు డాక్టరు మాక్లగన్ కీళ్ళవాతపు జ్వరానికి సాలిసిన్ ఇస్తే గుణం కనిపించిందని ప్రకటించాడు. సాలిసిలిక్ ఆమ్లం నొప్పి తగ్గించేది, కడుపును మాత్రం మండించేది. చివరికి జర్మనీలో బేయర్ కంపెనీ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897 ఆగస్టు 10న దానినుంచి అసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని స్వచ్ఛంగా, నిలవుండేలా తయారుచేశాడు. ఆ పని తన పర్యవేక్షణలో జరిగిందని అదే కంపెనీలో పనిచేసిన యూదు శాస్త్రవేత్త ఐకెన్‌గ్రూన్ చాలా ఏళ్ళ తర్వాత రాశాడు. ఆ మందే ఆస్పిరిన్.

అదే నెలలో, పదిరోజుల తేడాతో, మన సికింద్రాబాదులో ఇంకో సంగతి జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. స్టోన్ గురువుగారు చిత్తడి నేలల్లో చూసిన చలిజ్వరాల్లో చాలావరకు మలేరియానే. విల్లో బెరడు ఆ జ్వరం ఒంటివేడిని తగ్గించగలిగింది కానీ రోగాన్ని కుదర్చలేదు. చిత్తడినేలకూ జ్వరానికీ ఉన్న అసలు సంబంధం దోమ అని తేల్చింది బేగంపేటలోని ఒక చిన్న భవనం. ఒడ్డున మందుచెట్టు, నీటిలో దోమపిల్ల. స్టోన్ ఊహ సగం తప్పే, ఆ తప్పు ఊహే ఆయన్ను నిజమైన మందు దగ్గరికి నడిపించింది.

ఆస్పిరిన్ ఒంట్లో ఏం చేస్తుందో తెలియడానికి ఇంకో డెబ్భై ఏళ్ళకు పైగా పట్టింది. నొప్పినీ వాపునూ కలిగించే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల తయారీని అది అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది కాబట్టే గుండెజబ్బు ఉన్నవారికి డాక్టర్లు చిన్నమోతాదులో రాస్తున్నారు. వినేవాళ్ళలో ఇళ్ళల్లో పిల్లలున్నవాళ్ళుంటారు కనుక ఒక మాట విడిగా చెబుతాను. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఆస్పిరిన్ వేయకూడదు, రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదముంది. వైరస్ జ్వరం వచ్చిన పిల్లలకూ వేయకూడదు. చెట్టునుంచి వచ్చింది కదా అని ఏ మందూ సాధువు కాదు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకొకటి. మొక్క ఈ సాలిసిలిక్ ఆమ్లాన్ని మనకోసం తయారుచేయలేదు. తన ఒంట్లో ఒకచోట తెగులు సోకితే మిగతా ఆకులకు కబురు పంపి కాపాడుకోవడానికి మొక్కలు వాడే సంకేతాల్లో అదొకటి. విల్లోలోనే కాదు, మన వరిలోనూ టమాటాలోనూ ఉంటుంది. మొక్క తనను తాను కాపాడుకునే పదార్థమే మన నొప్పికి పనికొచ్చింది. యునానీ వైద్యంలో మరో విల్లో ఉంది. బేద్ అంటే ఫారసీలో విల్లో, దాని సువాసనగల పూలను కాచి దించిన అరఖు బేద్‌ముష్క్. దప్పికకూ, గుండెదడకూ హకీములు ఇస్తారు. చార్మినారు పక్కనే యునానీ ఆసుపత్రి ఉన్న హైదరాబాదుకు ఆ పేరు పరాయిది కాదు.

ఫారసీలోనే కొమ్మలు నేలదాకా వేలాడే విల్లోను బేదెమజ్నూన్ అంటారు. లైలాకోసం జుట్టు విరబోసుకుని తిరిగిన మజ్నూ చెట్టు అది. ఇంగ్లీషువాళ్ళు అదే చెట్టును ఏడుస్తున్న విల్లో అన్నారు. అక్కడ ప్రేమించినవాడు వదిలేసి వెళితే ఆ కొమ్మల దండ తలకు చుట్టుకోవడం ఒక గుర్తు. షేక్‌స్పియర్ నాటకంలో ఒఫీలియా అనే అమ్మాయి ఏటిమీదికి వంగిన విల్లో కొమ్మ విరిగే నీళ్ళలో పడుతుంది. సెయింట్ హెలీనా దీవిలో నెపోలియన్‌ను 1821లో విల్లోల నీడనే పాతిపెట్టారు. అక్కడికి వెళ్ళిన ఓడల్లోవాళ్ళు ఆ కొమ్మలు తుంచుకుపోయి ఎక్కడెక్కడో నాటుకున్నారు. దుఃఖానికి గుర్తయినా కొమ్మ మాత్రం బతికేందుకే చూసింది.

మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లోకి ఈ చెట్టు ఇంకో పేరుతో ఎప్పుడో వచ్చింది. 137వ కీర్తనలో బబులోను నదుల ఒడ్డున బందీలుగా కూర్చున్న యూదులు తమ వాద్యాలను చెట్లకు తగిలించి ఏడుస్తారు. ఇంగ్లీషు బైబిలులో అవి విల్లోలు, మన తెలుగు బైబిలులో నిరవంజి చెట్లు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆ కీర్తనను తలచుకునే వేలాడే విల్లోకు బబులోను పేరు తగిలించాడు. కానీ ఆ చెట్టు పుట్టిల్లు చైనా. యూఫ్రటీస్ ఒడ్డున బందీలు చూసింది అక్కడి పోప్లార్ అయివుండాలని ఇప్పుడు శాస్త్రవేత్తలు అంటున్నారు. చైనాలో దానికి ఏడుపు పేరు లేదు. తాంగ్ వంశపు రాజుల కాలంలో చాంగాన్ నగరంనుంచి దూరం వెళ్ళేవాళ్ళను వంతెనదాకా సాగనంపి, చేతిలో ఒక విల్లో కొమ్మ విరిచి పెట్టేవారు. చైనా భాషలో విల్లో అన్న మాటా, ఉండిపో అన్న మాటా దాదాపు ఒకేలా పలుకుతాయి. ఎక్కడ గుచ్చినా బతికే కొమ్మ కాబట్టి, వెళ్ళినచోట నువ్వూ ఇలాగే వేరూనుకో అన్న దీవెన కూడా అందులో ఉందంటారు. చలిదేశాల్లో ఖర్జూరపు మట్టలు దొరకని క్రైస్తవులు, రష్యాలో పోలండులో, మనం మట్టల ఆదివారం అనే పండుగనాడు అప్పుడే మొగ్గ వేసిన విల్లో కొమ్మలనే పట్టుకుని గుడికి వెళతారు. ఒక్క చెట్టే ఒకచోట శోకం, ఒకచోట వీడ్కోలు, ఒకచోట పండుగ.

ఇప్పుడు బ్యాటు. నిజం చెప్పాలంటే ఈ ప్రసంగంలో నా మనసు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. మన పల్లెల్లో తాటిమట్టతోనో కొబ్బరిమట్టతోనో క్రికెట్ మొదలుపెట్టినవారికి మొదటిసారి విల్లో బ్యాటు చేతికొచ్చినప్పుడు ఆ తేలికదనం ఆశ్చర్యపరుస్తుంది. మనవాళ్ళు చెక్కను మెచ్చుకోవాలంటే చేవ ఉండాలంటారు. చేవదేరిన తుమ్మ, టేకు, వేగిస గురించి గొప్పగా చెబుతారు. విల్లో విలువ దానికి సరిగ్గా ఎదురు. బ్యాటుకు పనికొచ్చేది దాని చేవ కాదు, చేవ చుట్టూ ఉండే తెల్లటి మెత్తటి భాగం. లోపల సన్నటి గదుల్లాంటి కణాల్లో గాలి నిండి ఉంటుంది. దాన్ని యంత్రంలో గట్టిగా నొక్కితే పైపొర మాత్రం గట్టిపడుతుంది, లోపల మెత్తదనం అలాగే మిగులుతుంది. బంతి తగిలినప్పుడు చెక్క కొద్దిగా లోపలికి పోయి మళ్ళీ తోస్తుంది, పగిలి పేళ్ళు లేవదు. గట్టి చెక్కతో చేస్తే బరువు మోయలేం, తేలికైన వేరే చెక్కతో చేస్తే చీలిపోతుంది.

ఇంగ్లండులో దీనికి తెల్ల విల్లోలో నీలివన్నె ఆకుల రకాన్ని పెంచుతారు. ఎసెక్స్, సఫోక్ జిల్లాల వాగుల వెంట ఈ తోటలున్నాయి. పెద్ద చెట్టు కొమ్మలను మనిషికంటే చాలా ఎత్తున్న కర్రలుగా నరికి, తడినేలలో లోతుగా పాతుతారు. తర్వాత అసలు పని మొదలవుతుంది. మొదటి సంవత్సరాల్లో కాండం పొడవునా వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు చేత్తో గిల్లేయాలి. ఒక్క చిగురు కొమ్మయితే అక్కడ చెక్కలో కణుపు పడుతుంది, కణుపు పడిన చెక్క బ్యాటుకు పనికిరాదు. ఇలా పదిహేను, ఇరవై ఏళ్ళు కాపాడి నరుకుతారు. దుంగను బ్యాటంత పొడవు ముక్కలుగా కోసి, చెక్కపేడులుగా చీల్చి, చివరలు పగలకుండా మైనంలో ముంచి ఆరబెడతారు. పేడుమీద గీతలు తిన్నగా పైనుంచి కిందికి పారాలి. కోహ్లీ చేతిలోని బ్యాటును టీవీలో దగ్గరగా చూపించినప్పుడు ఆ గీతలు లెక్కపెట్టవచ్చు. ఏడాదికో గీత, ఎన్ని గీతలుంటే అన్నేళ్ళ వాగునీరు.

పిడికి మాత్రం విల్లో పనికిరాదు, బంతి దెబ్బకు చేతులు జివ్వుమంటాయి. అందుకని ఆగ్నేయాసియా పేమును పొరలుగా అతికించి, మధ్యలో రబ్బరు పెట్టి పిడి చేసి, దాన్ని బ్యాటు మెడలో చీలలా దిగేసి జిగురుతో బిగిస్తారు. ఈ కిటుకు 1880ల్లో కనిపెట్టినవాడు చార్లెస్ రిచర్డ్‌సన్, సెవర్న్ నది కింద రైలు సొరంగం తవ్వించిన ఇంజనీరు. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. వేతసమంటే పేమా, విల్లోనా అని పండితులు వాదించుకున్న రెండు మొక్కలూ ఒక బ్యాటులో పిడిగా, పలకగా కలిశాయి. దానికి అవిసెనూనె పూసి, చెక్కసుత్తితో ఓపిగ్గా కొట్టి, అప్పుడు మైదానానికి తీసుకెళతారు.

క్రికెట్ నియమం కూడా ఈ చెక్కను కాపాడుతూ వచ్చింది. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగాడు. బంతి పాడవుతోందని ఇంగ్లండు కెప్టెన్ బ్రియర్లీ అభ్యంతరం చెప్పాడు, ఆట కాసేపు ఆగింది. ఆ తర్వాత పలక కర్రతోనే ఉండాలని నియమం వచ్చింది. 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు పొరలుగా అతికిన వెదురు బ్యాటు బంతిని బాగా కొడుతుందని, ధర కూడా తగ్గుతుందని చూపించారు. నియమాలు చూసే ఎం.సి.సి. అప్పటి నియమం ప్రకారం అది చెల్లదంది. వెదురు శాస్త్రం లెక్కన చెట్టు కాదు, గడ్డి.

మన దేశంలో బ్యాటు కథ విభజనతో ముడిపడి ఉంది. 1947కు ముందు ఈ పనికి కేంద్రం సియాల్‌కోట్. విభజనప్పుడు అక్కడి హిందూ, సిక్కు పనివాళ్ళూ యజమానులూ సరిహద్దు దాటి వచ్చి జలంధర్‌లో, మేరఠ్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇంగ్లండునుంచి చెక్కపేడులు తెప్పించి అక్కడే చెక్కుతారు. ఇంకోవైపు కశ్మీర్ లోయలో, అనంతనాగ్ జిల్లా సంగం, బిజ్‌బెహరా, హల్ముల్లా ప్రాంతాల్లో, జమ్మూ శ్రీనగర్ జాతీయ రహదారి పక్కన, జీలం నదికి దగ్గర్లో వందల సంఖ్యలో చిన్న కర్మాగారాలున్నాయి. ఆరబెట్టిన చెక్కపేడులను గాలి ఆడేలా గోపురాల్లా పేర్చి ఉంచుతారు. కశ్మీర్ విల్లో ఇంగ్లీషుదానికంటే కొంచెం బరువు, రంగు కొంచెం ముదురు. ధర మాత్రం చాలా తక్కువ. ఇంగ్లీష్ విల్లో మంచి బ్యాటుకు పదివేలు, అంతకు పైన పెట్టాల్సిందే. కాబట్టి అనకాపల్లిలోనో, నల్లగొండలోనో, ఊరి మైదానంలో తోలుబంతితో ఆడే పిల్లల చేతుల్లోకి ఎక్కువగా వచ్చేది కశ్మీర్ చెక్కే. సచిన్ తన మొదటి బ్యాటు అక్క ఇచ్చిన కశ్మీర్ విల్లో బ్యాటని 2024 ఫిబ్రవరిలో ఆ లోయలోని ఒక కర్మాగారంలో నిలబడి చెప్పాడు. 2021 టి20 ప్రపంచకప్‌లో కొందరు ఒమన్ ఆటగాళ్ళు కశ్మీర్ విల్లో బ్యాట్లతో ఆడారు. అంతవరకు పిల్లల బ్యాటని చిన్నచూపు చూసిన చెక్క ప్రపంచకప్‌కు వెళ్ళింది.

అలా పేరు వస్తున్న వేళలోనే చెట్టు తరిగిపోతోంది. ఇంగ్లండులో నరికిన చెట్టుకు బదులు ఒకటికి మించి నాటే అలవాటు వ్యాపారంలో భాగం. కశ్మీర్‌లో అది జరగలేదు. ఇరవై ఏళ్ళు ఆగడం కంటే, ఆపిల్ పెట్టెలకూ ప్లైవుడ్‌కూ తొందరగా అమ్ముడుపోయే పోప్లార్ వేసుకోవడం రైతుకు లాభం. రైతును తప్పుపట్టలేం. చెక్కపేడులు లోయ దాటిపోకుండా అప్పటి జమ్మూకశ్మీర్ రాష్ట్రం 2000లో చట్టం చేసింది. చట్టం ఉన్న చెట్టును బయటికి పోకుండా ఆపగలదు, లేని చెట్టును పుట్టించలేదు. మరో చిక్కు వులర్ సరస్సులో ఉంది. వంటచెరకు కోసం ఒకప్పుడు అక్కడ ప్రభుత్వమే విల్లోలు నాటించింది. అవి జీలం తెచ్చే ఒండ్రును పట్టి ఆపి సరస్సును చాలాచోట్ల పూడ్చేశాయి. ఇప్పుడు లక్షల చెట్లను కొట్టి తీసేయాల్సివస్తోంది. ఇది చూసి విల్లో చెడ్డదనుకోకూడదు. ఒడ్డున నాటవలసినదాన్ని నీటి మధ్యలో నాటారు, అంతే.

కశ్మీర్ లోయలో వాగుల వెంట, కాలువగట్ల మీద, పంచాయతీల తడినేలల్లో బ్యాటుకు పనికొచ్చే మేలురకం కర్రలు నాటించి, మొదటి సంవత్సరాల్లో చిగుళ్ళు గిల్లే పనికి రైతుకు కూలి ఇచ్చి, నరికినప్పుడు ధర వస్తుందని ముందే హామీ ఇస్తే ఈ పరిశ్రమ నిలుస్తుందని నా నమ్మకం. ఖర్చు పెద్దది కాదు, కొమ్మ గుచ్చితే బతికే చెట్టు. కష్టమల్లా కాలం దగ్గరే. ఈ చలికాలంలో సంగం దగ్గర పాతిన కర్ర బ్యాటయ్యేసరికి 2040 దాటిపోతుంది. ఇవాళ మన అంగన్‌వాడీల్లో ఆడుకుంటున్న పిల్లలు దాన్ని పట్టుకుని జిల్లా జట్టు ఎంపికలకు వెళతారు.